ఆఖరి వాయిదా

సింగన్న గిన్నెను ఒళ్లో పెట్టుకుని, కళ్లజోడు ముక్కు చివరికి దించి పేరు కొడుతున్నాడు. చేతిలో పేర్లు చెక్కే మిషను జుర్రుమంటోంది. గృహప్రవేశానికి ఇచ్చే గిన్నె అది. దాని మీద ఇచ్చేవాళ్ల పేరే పడాలి, పుచ్చుకునేవాళ్లది కాదు. నర్సీపట్నంలో ఈ స్టీలు సామాన్ల కొట్టు గుమ్మం పక్కన కూర్చుని అతను కొట్టిన పేర్లకు లెక్కలేదు. భుజాలు ముందుకు వంగిపోయాయి. మిషను పక్కన పెట్టినా కుడిచెయ్యి సన్నగా వణుకుతూనే ఉంటుంది.

ఇవాళ మాత్రం మనిషి హుషారుగా ఉన్నాడు. విశాఖపట్నంలో మంచం పట్టిన పెద్దావిడను చూసుకుంటూ ఆ ఇంట్లోనే ఉండటానికి వెంటనే మనిషి కావాలని వాళ్ల వీధిలో ఉండే శారదాంబ టీచరుగారు అతని భార్య కామమ్మకు కబురు పెట్టారు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి.

“ఈ నెల్తో కార్డు అప్పు తీరిపోద్దన్నావు. తీరితే నానెందుకెల్తాను?” అంది కామమ్మ పొద్దున్న.

“తీరిపోద్దే! లావణ్యమ్మ సేత సూపించేత్తాను.”

ఆ క్రెడిట్ కార్డు బస్టాండు దగ్గర బ్యాంకు గొడుగు కింద నిలబడ్డ టై కుర్రాడు అంటగట్టింది. కామమ్మ ఇడ్లీపిండి అమ్ముకోడానికి దాంతో ఫ్రిజ్ కొన్నాడు. బిల్లులో పెద్ద అంకె కింద ‘కనీసం కట్టవలసినది’ అని చిన్న అంకె ఉండేది. చీటీలు కట్టినవాడు, వాయిదాల మీద మంచం కొన్నవాడు. నెలనెలా అడిగినంత కడితే అప్పు తీరుతుందని తప్ప అతనికి మరో లెక్క తెలియదు. చిన్న అంకెనే వాయిదా అనుకుని ఒక్క నెలైనా తప్పకుండా కట్టాడు. ఆ ధీమాతోనే మందులకీ, దసరా బట్టలకీ కార్డే గీకాడు. కట్టినవన్నీ కూడితే ఈ నెలతో వాడిందంతా తీరిపోయినట్టేనని అతని లెక్క. కట్టొచ్చిన రోజున కొట్లో అందరికీ టీ చెప్పేవాడు కూడా, మహారాజు!

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, బిల్లులు వేసే లావణ్యకు ఫోను అందించాడు.

“అమ్మా, ఇంకేటైనా వాయిదా మిగిలిందేటో సూడు.”

ఆ పిల్ల వేలితో పైకీ కిందికీ జరిపింది. మళ్లీ మొదటినుంచి చూసింది.

“ఇవి వాయిదాలు కావు బాబాయ్. నువ్వు కట్టిందంతా వడ్డీకే పోయింది. అసలు అలాగే ఉంది. మధ్యలో వాడినవాటితో ఇంకా పెరిగింది.”

“మినిమం కడితే సాలన్నాడమ్మా ఆ కుర్రోడు!”

“ఫైను పడకుండా ఉండటానికి చాలు. అప్పు తీరడానికి కాదు. మొత్తం ఒక్కసారే కట్టేసుకో. కార్డు ఇంక గీకకు బాబాయ్.”

సింగన్న ఫోను వెనక్కి తీసుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఆ కుర్రాడి మొహం కూడా గుర్తులేదు. తాగించిన టీలు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. వెళ్లి ఇంకో గిన్నె ఒళ్లోకి తీసుకున్నాడు. అక్షరం వంకర పోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి షావుకారి చేత మాటపడ్డాడు.

ఇంటికి చేరేసరికి కామమ్మ పిండి రుబ్బి చేతులు కడుక్కుంటోంది. లావణ్య చెప్పినదంతా అడక్కముందే చెప్పేశాడు.

“ఫ్రిజ్జు అమ్మేద్దారే?”

“పాతదానికి ఏటిత్తారు? ఆ ఇంటోల్లు ఏడాది జీతం ముందే ఇత్తారంట. ఒక్కసారే కట్టీ.”

“ఏడాదంతా అక్కడేనా!”

“కార్డు ఇలగియ్యి.”

కత్తిపీట మీద పెట్టి, దాన్ని బెండకాయను తరిగినట్టు ముక్కలు చేసింది. ఒక సంచిలో నాలుగు చీరలు సర్దుకుంది. పొద్దు వాలకముందే టీచరుగారికి మాట చెప్పి ఇద్దరూ బస్టాండుకు నడిచారు. గొడుగు కింద ఇంకెవరో కుర్రాడు ఇంకెవరినో పిలుస్తున్నాడు.

బస్సు కదులుతుంటే కామమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది.

“బేగి ఇంటికెల్లు. కూడు సల్లారిపోద్ది.”

ఇంటికొచ్చినా అతనికి తినబుద్ధి కాలేదు. మంచినీళ్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు. పొద్దున్న కొనుక్కోడానికి వచ్చేవాళ్ల కోసం కామమ్మ పిండి ఒక గిన్నెలో తీసిపెట్టి వెళ్లింది. పెళ్లయిన కొత్తలో కొట్టునుంచి తెచ్చి ఆమెకిచ్చిన గిన్నె అది. ఇచ్చినవాడి పేరు పడాల్సిన చోట, అప్పుడు ముచ్చటపడి, ‘కామమ్మ’ అని కొట్టాడు. చల్లటి గిన్నె మీద చెమ్మ కమ్మి, ఆ అక్షరాలు సగమే కనిపిస్తున్నాయి.