ముందే చెప్పే సాక్ష్యం

నాకు చెప్పాల్సిన మాటలు మా ఆయన దేవుడికి చెబుతాడు. నేను పక్కనే మోకాళ్ల మీద ఉండగా, నాకు బాగా వినబడేలా చెబుతాడు. "ప్రభువా, నీ దాసురాలికి ఇంటిపని మీద శ్రద్ధ దయచేయి" అంటే ఆ పూట పప్పు అడుగంటిందని అర్థం. దానికి నేను బదులు చెప్పడానికి వీల్లేదు, ఆయన మాట్లాడేది నాతో కాదు కదా! కళ్లు మూసుకుని ఆమేన్ అనడమే నా వంతు. పెళ్లయిన కొత్తలో నవ్వొచ్చేది. మొన్న గురువారం మాత్రం రాలేదు. "ఈమె డాక్టరు మాటకు భయపడుతోంది ప్రభువా, ఈమె అవిశ్వాసాన్ని క్షమించు" అని మా ఆయన ప్రభుదాస్ ఏడుస్తూ ప్రార్థించాడు. నిజంగానే ఏడ్చాడు. నా బాధంతా అదే. ఆయన నటిస్తున్నాడని తెలిస్తే తిట్టుకోవడం తేలికయ్యేది.

సంగతేమిటంటే, నా గొంతు పోతోంది. ఫిల్మ్ నగర్‌లో నేను డబ్బింగ్ చెబుతాను. తెలుగు రాని హీరోయిన్ల ఏడుపులూ కేకలూ చాలావరకు నావే. "మేడమ్, ఏడుపు ఇంకాస్త అందంగా" అంటాడు అద్దం వెనక కూర్చున్న ఇంజినీరు. అందంగా ఏడ్చి, ఆటోలో ఇంటికొచ్చి, వంట చేసి, అంట్లు తోమి, ఆ తర్వాత మా ఆయన యూట్యూబ్‌లో నడిపే క్రైస్తవ పాటల పరిచర్యకు పాడతాను. వీడియోల మీద పేరు ఆయనదే ఉంటుంది. "దేవుని పనికి పేరెందుకు కృపా?" అంటాడు. మరి మీదెందుకు అని నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట నాకింకా అక్కడే ఉంది. గొంతు పాడవడానికి అదీ ఒక కారణమేమో, ఆ విషయం డాక్టరమ్మకు చెప్పలేదు.

ఆవిడ శ్రీనగర్ కాలనీలో ఉంటుంది. గొంతులోకి కెమెరా దింపి, తెరమీద నా స్వరతంత్రులు నాకే చూపించింది. వాటి మీద రెండు బుడిపెలున్నాయి. "నెల్లాళ్లు మౌనం. పాట, డబ్బింగ్, చివరికి గుసగుస కూడా వద్దు. నా మాట వింటే వాటంతటవే తగ్గొచ్చు. వినకపోతే ఆపరేషన్. ఆ తర్వాత పాడే గొంతు మిగులుతుందని నేను మాటివ్వలేను" అంది. పాడే గొంతు తప్ప నాదంటూ ఈ ఊళ్లో ఇంకేముంది! ఇంటికి వస్తుంటే ఆటో కుదిపినప్పుడల్లా చెయ్యి మెడ మీదికే పోయింది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

ఇంట్లో ఏమైందంటే, వచ్చేవారం మా సంఘంలో స్వస్థత కూటాలు, రోగాలు నయం చేయమని ప్రార్థించే సభలు. మూడు రాత్రులూ నేను పాడతానని ప్రభుదాస్ నా ఫొటోతో పోస్టర్లు వేయించి ఫిల్మ్ నగర్ గోడలన్నిటికీ అంటించాడు. డాక్టరమ్మ రాసిన చీటీ చూడగానే ఫోను తీసి సంఘం అయ్యగారికి చేశాడు. మా పాస్టరుగారు మంచివారే. అడిగినవాళ్లకి సలహా చెప్పకుండా పంపరు, అడగనివాళ్లనూ పంపరు. "ఆదివారం అమ్మాయిని నిలబడి స్వస్థత పొందానని సాక్ష్యం చెప్పమను. నోటితో ముందు ఒప్పుకుంటే ఒంట్లో తర్వాత అదే జరుగుతుంది" అన్నారట. మా సంఘంలో ఇది మామూలే. ఉద్యోగం రాకముందే వచ్చిందని, సంబంధం కుదరకముందే కుదిరిందని విశ్వాసంతో చెప్పేస్తారు. నిజంగా జరిగినవాళ్లు మళ్లీ వచ్చి ఇంకోసారి చెబుతారు. జరగనివాళ్లు మళ్లీ మైకు దగ్గరికి రారు. వాళ్ల గురించి ఎవరూ అడగరు కూడా.

శుక్రవారమంతా నాలో నేనే వాదించుకున్నాను. డాక్టరమ్మకు దేవుడు తెలియదు, అయ్యగారికి గొంతు తెలియదు. ఎవరి మాట వినాలి? చిన్నప్పట్నుంచీ పెద్దల ఆలోచన విను, విను అని వాక్యం చెప్పి పెంచారు. ఏ పెద్దల మాట వినాలో ఎవరూ చెప్పలేదు. ఒకవేళ మా ఆయన మాటే నిజమై, భయపడ్డందుకే స్వస్థత ఆగిపోతే? అన్నం కలుపుతూనే ఉండి ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాను. "ఏంటలా ఉన్నావ్? సంతోషంగా ఉండు, అయిపోయిందనుకో" అన్నాడు ప్రభుదాస్, పెరుగు వేసుకుంటూ.

శనివారం సాయంత్రం, మరునాటి ప్రభువు బల్ల సంస్కారానికి ద్రాక్షరసం పోసే చిన్న గాజు కప్పులు కడగడం నా పని. ప్రార్థన మందిరం వెనక వంటగదిలో పాస్టరుగారి భార్య దేవమ్మగారు తుడుస్తున్నారు, నేను కడుగుతున్నాను. ఆవిడది మెదక్ వైపు. పదిమందిలో నోరు విప్పే మనిషి కాదు.

"రేపు సాక్ష్యం చెప్తున్నవంట?"

తలూపాను.

"తక్కువైందా మరి?"

లేదని తలూపాను. ఆవిడ కప్పు కింద పెట్టి తలుపు దగ్గరికి వేశారు.

"గట్ల చెప్పకు బిడ్డా. నేను చెప్పిన ఒకపారి. మా చిన్నపిల్లకు చెవుల చీము కారుతుండె. ఆదివారం నిలవడి తక్కువైందని చెప్పిన. చెప్పినంక మందెట్ల ఏస్త? నలుగురు చూస్తరు గద, పాస్టరు పెండ్లాం అబద్ధమాడిందంటరు. మా అత్త మొత్తుకున్నది, దవఖానకు తోల్కపో పిల్లా అని. అత్త మాటేంది, అత్తకు విశ్వాసం లేదు అనుకున్న. ఇయ్యాల్టికీ పిల్లకు ఎడమ చెవు ఇనిపియ్యది."

నా చేతిలోని కప్పు నీళ్లలోకి జారిపోయింది. ఆవిడ నా కళ్లలోకి చూశారు.

"దేవుడు తక్కువ చేసిన నాడు చెప్పు, నేను గూడ చప్పట్లు కొడ్త. చెయ్యకముందే చేసిండని చెప్పుడు విశ్వాసం కాదు, ఆయన మీద అబద్ధం. గది మా ఆయన చెప్పినా ఇనకు."

ఏడుపొచ్చింది. గట్టిగా ఏడవకూడదు, గొంతుకు మంచిది కాదు. నీళ్ల చేతుల్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఆదివారం పొద్దున ప్రభుదాస్ చొక్కా నేనే ఇస్త్రీ చేసిచ్చాను. మందిరం నిండిపోయింది. ఆయన మైకు తీసుకుని, "నా భార్యకు దేవుడు చేసిన అద్భుతం ఆమె నోటనే వినండి" అని నన్ను పిలిచాడు. లేవకుండా కూర్చుంటే బాగుండుననిపించింది. కానీ కూర్చుంటే ఆయనే నా తరఫున చెప్పేస్తాడు. లేచి వెళ్లాను. కీబోర్డు వాయించే అబ్బాయి హల్లెలూయకి వేళ్లు సిద్ధం చేసుకున్నాడు. నా గొంతు తవుడు నమిలినట్టు వచ్చింది.

"నాకింకా నయం కాలేదు. గొంతులో బుడిపెలున్నాయి. నెల్లాళ్లు మాట్లాడకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ మాట వినాలనుకుంటున్నాను. కూటాల్లో పాడను. నాకోసం ప్రార్థన చేయండి."

కీబోర్డు అబ్బాయి వేళ్లు వెనక్కి తీసుకున్నాడు. అయ్యగారు వాక్యం పుస్తకంలో పేజీలు తిప్పుతున్నారు. వెనక వంటగది గుమ్మంలోంచి దేవమ్మగారు, అందరూ తిరిగి చూసేంత గట్టిగా, "స్తోత్రం!" అన్నారు.

ఆరాధన అయ్యాక ప్రభుదాస్ మెట్ల దగ్గర నా దారికి అడ్డం నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఊరంతా పోస్టర్లు! ఇప్పుడు నేనెవరికి మొహం చూపించాలి? నన్నొక్క మాట అడగొద్దా? నిలబడి చూస్తావేంటి, మాట్లాడు కృపా, మాట్లాడు!"

నేను మాట్లాడలేదు. నెల్లాళ్లు మాట్లాడను.