ఐదేళ్ళ సైజు

మా మరదలికి ఒక్క పని చేయడం చేతకాదు. రెండోది మొదలుపెడితేగాని మొదటిది కదలదు, మూడోది గుర్తొస్తేగాని రెండోదాని మీద ప్రేమ పుట్టదు. పిల్లల గౌన్లు కుట్టించి అమ్ముతుంది. ఆ గుడ్డ మీద అచ్చువేసే బొమ్మలు తనే గీస్తుంది. వారానికోసారి ఒక పత్రికకి 'పది చేతుల అమ్మ' అనే శీర్షిక రాస్తుంది. ఈమధ్య మట్టి కప్పులు చేయడం కూడా పట్టుకుంది. అవి నిలబెడితే వాలతాయి, పాలు పోస్తే కారతాయి, అయినా చూసినవాళ్ళందరూ ఎంత బాగున్నాయో అంటారు. ఒక్క జన్మలో ఒక్క పనేనా వదినా అని నన్ను అడుగుతుంది. నేను ఆ ఇంట్లో వండిపెట్టే ఆడపడుచుని. నా జన్మలో ఒక్క పనే ఉంది, అది ఆమె చేయకుండా వదిలేసినవన్నీ చేయడం.

ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆమెకో కూతురు కూడా ఉంది. మర్చిపోవడం ఆ ఇంటి గాలిలోనే ఉంది, నాకూ అంటుకుంది.

ఆ పిల్లను అందరూ పిట్ట అంటారు. వాళ్ళ నాన్న, అంటే మా తమ్ముడు, సరుకుల ఓడలో ఇంజను చూసుకుంటాడు. ఇంటికి చుట్టంలా వచ్చి చుట్టంలా వెళ్తాడు. ఇక మా మరదలంటారా, ఆమెను చెడ్డతల్లి అంటే నా నోరు పడిపోతుంది. అరవదు, చెయ్యెత్తదు, పిల్ల ఎదురుపడితే మొహం చేటంత అవుతుంది. ఎదురుపడడమే తక్కువ. కింద అంతస్తులో కుట్టుగది, పైన ఇల్లు, మధ్యలో మెట్లు. పొద్దున్నే ఆ మెట్లు దిగిన మనిషి ఎప్పుడు ఎక్కుతుందో ఆమెకే తెలియదు.

పిట్టకు అమ్మ దొరికేది ఒక్కచోటే, కుట్టుగదిలో స్టూలు మీద. కొత్త గౌను ఏదైనా ముందు ఐదేళ్ళ సైజులో కుడతారు. దాన్ని ఒక పిల్లకు తొడిగి, ఎక్కడ పట్టేసిందో ఎక్కడ వదులైందో చూసి సరిచేసి, ఆ కొలత నుంచే మిగతా సైజులు పెంచుతారు, తగ్గిస్తారు. ఆ తొడిగే పిల్ల పిట్టే. మా మరదలు మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ముక్కుతో ఏదో రాగం తీస్తూ పిల్లను నడుం పట్టుకుని మెల్లగా తిప్పుతుంది. భుజం సర్దుతుంది, మెడ దగ్గర జుట్టు పక్కకు తీస్తుంది, చంక కింద వేళ్ళు పోనిచ్చి గుడ్డ లాగుతుంది. నోట్లో సూదులున్నాయి కాబట్టి ఫోను తీయదు. చేతులు రెండూ పిల్ల మీదే ఉన్నాయి కాబట్టి బొమ్మ గీయదు. పిట్ట కళ్ళు మూసుకుని నిలబడుతుంది. సూది గుచ్చుకున్నా కిక్కురుమనదు.

ఐదేళ్ళప్పుడు మొదలైన ఈ ఉద్యోగం పిట్టకు ఏడేళ్ళు వచ్చినా ఊడలేదు. గౌను ఇంకా పడుతూనే ఉంది. మా పిట్టది దేవుడిచ్చిన కొలత అని మా మరదలు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది. మధ్యలో ఒకసారి మాత్రం ఛాతీ దగ్గర టేపు కాస్త ఎక్కువ చూపించింది. అప్పుడు ఆమె పిల్ల బుగ్గ గిల్లి, నువ్వు పెరిగిపోతే నేను ఇంకో పిల్లను వెతుక్కోవాలే అని నవ్వింది. నేను కాఫీ ఇవ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను, నేనూ నవ్వాను. పిట్ట నవ్వలేదు.

తర్వాత ఆ పిల్ల కంచం ఎప్పుడు చూసినా ఖాళీగానే కనిపించేది. నా కళ్ళు చల్లబడేవి. ఇంత తిన్నది ఒంటికి పట్టదేమిటని ఆశ్చర్యపోయేదాన్ని కూడా. ఒకరోజు బడి నుంచి ఫోను వచ్చింది, పిల్ల వరుసలో నిలబడి నిలబడి పడిపోయిందని. డాక్టరమ్మ తూకం చూసి, ఎత్తు చూసి, ఏడేళ్ళ పిల్లకు ఐదేళ్ళ పిల్ల కొలతలున్నాయి అంది. మా మరదలు అలవాటుకొద్దీ గర్వంగా నవ్వబోయి ఆగిపోయింది. డాక్టరమ్మ చూడలేదుగాని, నేను చూశాను.

ఆ సాయంత్రం కుట్టుగదిలో గుడ్డపేలికల సంచికి చీమలు పట్టాయని కుట్టేవాళ్ళు గొడవ చేస్తే కుమ్మరించి చూశాను. ఎండిపోయిన రొట్టెముక్కలు, నల్లబడిన అరటిపళ్ళు, గుడ్డముక్కలో పొట్లం కట్టిన ఉడికిన గుడ్డు. నేను చేతులారా పెట్టినవే. పిట్టను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకిలా చేశావని అడిగాను. దాచాలని కూడా దానికి తోచలేదు.

"పెరిగితే అమ్మ ఇంకో పిల్లను తెచ్చుకుంటుంది కదా అత్తా," అంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇది తన పద్ధతిలో తాను అడిగింది, తిండి మానేసి. నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు పేలికల సంచితో సహా మా మరదలి దగ్గరికి వెళ్ళి, ఆమె గీస్తున్న బొమ్మ మీదే కుమ్మరించి, పిల్ల అన్న మాట అన్నట్టే చెప్పాను. ఆమె బొమ్మ వంక చూడలేదు. అది ఆమె గొప్పే. మెట్లన్నీ ఎక్కి వచ్చి పిల్లను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నటన కాదు, ఆ ఏడుపు నిజమే. పిట్ట ఆమె మెడ చుట్టూ చేతులు వేసి అలాగే ఉండిపోయింది. గట్టెక్కాం దేవుడా అనుకున్నాను.

కళ్ళు తుడుచుకున్నాక మా మరదలు పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, ఇక జన్మలో నువ్వా స్టూలు ఎక్కక్కర్లేదమ్మా, నా పని కోసం నిన్ను నిలబెట్టడమే నా తప్పు అని మాటిచ్చింది. పిట్ట చేతులు జారిపోయాయి. జైల్లోంచి విడిపించానని ఆమె అనుకుంది. ఇంట్లోంచి వెళ్ళగొట్టారని పిల్లకు అర్థమైంది. ఇది నేను అక్కడే చెప్పాను, స్టూలు తీసేయడం కాదు తల్లీ కావలసింది అని. వదినా, మీరు పాతకాలం మనిషి, పిల్లల చేత పని చేయించకూడదు అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆ వారం శీర్షికలో ఇదంతా రాసేసింది. పాఠకులు ఏడ్చారట. ఎంత ధైర్యంగా ఒప్పుకున్నారండీ అని ఒకటే ఉత్తరాలు. పిల్లతో గడపడం ఎలాగో మీరూ సలహాలు పంపండి అని కింద రాసింది. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా. ఫ్రిజ్ మీద రంగురంగుల స్కెచ్చులతో ఒక పట్టిక అంటించింది. అందులో సాయంత్రం పూట 'పిట్ట టైము' అని ఎర్రరంగులో రాసి చుట్టూ పువ్వులు గీసింది. మొదట్లో వచ్చి కూర్చునేది. పిల్ల వంక చూస్తూ ఇప్పుడేం చేద్దాం అనేది. పిల్ల కూడా ఏమో అనేది. ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకునేవాళ్ళు. తర్వాత మట్టి ఎండిపోతోందనో, టోకు వ్యాపారి ఫోను చేశాడనో లేచి వెళ్ళేది. పోను పోను పువ్వులు మిగిలాయి, టైము పోయింది.

కుట్టుగదికి మాత్రం పిల్ల లేకపోతే కుదరదు కదా. మందుల షాపాయన కూతురిని తెచ్చుకుంది, నిండా ఐదేళ్ళు, పేరు చిట్టి, మనిషీ చిట్టే. బడి వదలగానే వచ్చేది. గౌన్లంటే పడిచచ్చేది, వాళ్ళమ్మకు అంతకంటే సంబరం. మా మరదలు మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంది, మళ్ళీ సూదులు, మళ్ళీ ముక్కుతో రాగం. పిట్ట గుమ్మం దగ్గర నిలబడి చూసేది. తల్లి కంటపడితే ఆమె మోచేత్తో పలకరించేది. నోరు ఖాళీ లేదు, చేతులు ఖాళీ లేవు.

కొన్నాళ్ళకు పిట్ట తిండి దార్లో పడింది. నేను కంచం దగ్గరే కాపలా కూర్చుని తినిపించేదాన్ని, బుగ్గలు వచ్చాయి. దానికి తోడు ఇంకో ముచ్చట. సాయంత్రం కాగానే చిట్టికి తనే పాలు కలిపేది, చక్కెర దండిగా వేసి. రొట్టెకు రెండువైపులా వెన్న రాసి, ముక్కలు చేసి తినిపించేది. తన బిస్కెట్లు, తన చాక్లెట్లు అన్నీ దానికే. ఇంకొక్కటి, ఇదే ఆఖరిది అని బతిమాలేది. చిట్టి దానికి తోక అయిపోయింది. మా మరదలు కరిగి నీరైపోయింది. అసూయ పడాల్సిన పిల్ల అమ్మలా తినిపిస్తోంది అని ఇంకో శీర్షిక రాసింది. ఆ పత్రికవాళ్ళు పిల్లలిద్దరి ఫొటో కూడా అడిగారు.

నేను వంటింటి మనిషిని. వెన్న ఎంత తరుగుతోందో నాకు తెలుస్తుంది. అంతకంటే, చిట్టి తింటున్నంతసేపూ పిట్ట చూసేది దాని మొహం కాదు, దాని పొట్ట. ఒకరోజు చిట్టిని గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిలు గీత గీస్తుంటే పట్టుకున్నాను. చిట్టిని కిందికి పంపి తలుపు వేశాను. ఏమిటే ఇది అన్నాను. పిట్ట పెన్సిలు వంక చూస్తూ చెప్పింది.

"ఆ గౌను నాకెలాగూ పట్టదు అత్తా. దానికీ పట్టకూడదు."

కోపంగా అనలేదు. ఉప్పు చాల్లేదు అన్నట్టు అంది. కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో నాకు తెలియలేదు. ఆ క్షణంలో నాకు ఆ పిల్లంటే భయం వేసింది, నిజం చెప్పాలంటే అసహ్యం కూడా వేసింది, దాని వెనకే జాలీ వేసింది. వెన్న డబ్బా పై అరలో పెట్టాను. మర్నాడు కుర్చీ వేసుకుని తీసుకుంది. మా మరదలికి చెప్పాను. అమృతంలో విషం వెతుకుతారేం వదినా, మీకు చిన్నపిల్లల మనసు తెలియదు అని నన్నే బుజ్జగించింది.

పిల్లలు పెరగడానికి ఎంతసేపు. చిట్టిని కుట్టేవాళ్ళు గున్న అని పిలవడం మొదలుపెట్టారు, గున్న ఏనుగులా ఉందని. అదీ నవ్వేది. కొత్త గౌన్ల నమూనాలు చూడడానికి టోకు వ్యాపారి వస్తానన్న వారంలోనే వీపు మీద హుక్కులు కలవలేదు. మా మరదలు ఊపిరి బిగపట్టమంది, పొట్ట లోపలికి లాక్కోమంది. రెండో గౌను తొడిగింది, చంక దగ్గర కుట్టు పుట్టుక్కుమంది. నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టింది. ఆమె సూదులు పక్కన పెట్టిందంటే పని ఆగినట్టే. చిట్టిని కసురుకోలేదు. తల నిమిరి, ఇక రేపటినుంచి రానక్కర్లేదులే తల్లీ, ఇంటికెళ్ళి ఆడుకో అని మెత్తగానే పంపేసింది. తర్వాత వాళ్ళమ్మకు ఫోను చేసి, పాలు కాస్త తగ్గించి చూడండి, ఒక నెలలో సన్నబడితే మళ్ళీ తీసుకుంటాను అంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. విన్నాను. పిల్లను కావలించుకుని ఏడ్చిన మనిషి, శీర్షికలో ఊరందరినీ ఏడిపించిన మనిషి ఈమేనా అని చూస్తూ ఉండిపోయాను. ఆమెకు అప్పుడు పిట్టతో అన్న మాటా ఈ మాటా ఒకటేనని తోచనే లేదు. అదే నన్ను భయపెట్టింది.

చిట్టి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. పిట్ట వచ్చి పక్కన కూర్చుంది, తన గౌను అంచుతో దాని ముక్కు తుడిచింది. నేను తప్పు చేశానా అని చిట్టి అడిగింది.

"లేదే. పెరిగావంతే," అంది పిట్ట.

చిట్టిని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, వాళ్ళ షాపులో అప్పగించి వచ్చింది. వచ్చి తిన్నగా కుట్టుగదిలోకి వెళ్ళింది. మా మరదలు గౌన్ల గుట్ట మధ్య నేల మీద కూర్చుని తల పట్టుకుని ఉంది. బొమ్మ మీద మనసు లేదు, మట్టి మీద మనసు లేదు, ఫోను మోగుతున్నా తీయడం లేదు. ఆమె అంత ఖాళీగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడైనా పిల్లను చూస్తుందేమో అని నాకు ఆశ పుట్టింది. చూసింది కూడా. తలెత్తి, పిట్టను ఎగాదిగా చూసి, మొహం వెలిగించుకుంది.

"మీ బళ్ళో ఐదేళ్ళ పిల్లలు ఎవరైనా ఉన్నారా నాన్నా? సన్నగా ఉండాలి."

పిట్ట వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఆలోచిస్తూ రెండడుగులు దగ్గరికి వచ్చింది.

"చాలామంది ఉన్నారమ్మా. తిండి తిననివాళ్ళు ఎవరో నాకు తెలుసు. నేను తీసుకొస్తాను."

మా మరదలు చేతులు చాపింది. మా బంగారం, నా పదకొండో చెయ్యివి నువ్వు అని పిల్లను లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల ఎలా ఉంటుంది, ఈ పిల్ల ఎంత ఎత్తు అని ఒక్కొక్కరి గురించి అడుగుతూ, జుట్టు సర్దుతూ, మెడ మీద ముద్దులు పెడుతూ చాలాసేపు అలాగే కూర్చుంది. పిట్ట కళ్ళు మూసుకుని ఒక్కో పేరూ మెల్లగా, ఏ తొందరా లేకుండా చెబుతోంది.