జెర్సీల సంచి

సంచి మూతి విప్పగానే చెమట వాసన గుప్పుమంది. తూనీగ ముఖం పక్కకి తిప్పుకోలేదు. ఆ వాసనలోనే పెరిగింది మరి. ఆకుపచ్చ జెర్సీలు, మెడకి తెల్ల పట్టీ, వీపు మీద అంకెలు. ఒకదానికి భుజం దగ్గర కుట్టు ఊడింది. ఇంకోదాని మెడపట్టీ ఎవరో కంగారులో కొరికి కొరికి పీచులా చేశారు. బకెట్లో నీళ్లు నిండుతున్నాయి. సబ్బుపొడి డబ్బా మూత తీసింది, పెట్టేసింది, మళ్లీ తీసింది.

"ఇంకా నానబెట్టలేదా? రేపు పొద్దున్నే పంపాలి" హాల్లోంచి భర్త గొంతు.

"పంపాలని ఎవరన్నారు?"

"నేనే అన్నాను. అందరి ముందూ మాటిచ్చాను కదా!"

నిజమే, ఇచ్చాడు. నిన్న బడిలో నాన్న సంస్మరణ సభ. నాన్న ఆ బడిలో లెక్కల మాస్టారు, సాయంత్రాలు పరుగుపందేల కోచ్. హాలు నిండిపోయి గుమ్మాల్లో కూడా నిలబడ్డారు జనం. ఎప్పుడో ఆయన దగ్గర పరిగెత్తి ఇప్పుడు పెద్ద డాక్టరైన ఒకాయన మైకు పట్టుకున్నాడు. "మా సారు సుద్దముక్క పట్టిన చేత్తోనే మైదానంలో సున్నం గీతలు గీసేవారు. ఆ చేత్తోనే మా జెర్సీలు ఉతికేవారు. పోటీ రోజు పొద్దున ఎండ వాసనతో, మడత నలగకుండా వచ్చేవి. ఏ గురువు చేస్తాడండీ అంత సేవ?" హాలంతా చప్పట్లు. తూనీగ చటుక్కున ముందు వరసలోకి చూసింది. అందరితో పాటు అమ్మ కూడా చప్పట్లు కొడుతోంది.

ఆ తర్వాత కొత్తగా వచ్చిన కోచ్ ఈ సంచి పట్టుకుని వేదికెక్కాడు. సారు పేరు నిలబడాలంటే షీల్డులు పెడితే చాలదట, ఆయన అలవాటు నిలబెట్టాలట. ఇకనుంచి జెర్సీలు సారు ఇంటినుంచే ఉతికి రావాలట. అన్నయ్య వెళ్లి రెండు చేతులా సంచి అందుకున్నాడు, ఫోటో దిగాడు, కిందికి దిగి తిన్నగా చెల్లెలి ఒళ్లో పెట్టేశాడు. "నువ్వయితే శ్రద్ధగా చేస్తావే. మీ వదినకసలే నడుం నొప్పి." పక్కనుంచి భర్త, "దానిదేముంది బావగారూ, మెషీన్ ఉతుకుతుంది గానీ ఈవిడ ఉతుకుతుందా? ఎల్లుండి పొద్దున్నే పంపించేస్తాం!" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. తూనీగ కూడా నవ్వింది. ఆ నవ్వే నిన్నటి నుంచీ గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది.

నాన్న అబద్ధమాడే మనిషి కాదు. జ్వరమొస్తే మంచం పక్కనే కూర్చుని తడిగుడ్డలు వేస్తూ కథలు చెప్పిన మనిషి. కాళ్లు సన్నగా, పరుగు గాల్లో తేలినట్టు ఉంటుందని తూనీగ అని పేరు పెట్టి, రిలేలో ఆఖరి పరుగు అప్పగించిన మనిషి. "వెనకాల ఎవరొస్తున్నారో చూడకు. తల తిప్పావంటే అడుగు తప్పుతుంది. చెయ్యి చాపి ఉంచు, బ్యాటన్ అందుతుంది" అని సాయంత్రాలు చీకటి పడేదాకా ఆమె మోచెయ్యి పట్టుకుని సరిచేసిన మనిషి. ఓడిపోయిన రోజున సైకిలు మీద కూర్చోబెట్టుకుని, ఓటమి మాటే ఎత్తకుండా దారంతా లెక్కల పొడుపులు వేసిన మనిషి. అలాంటి నాన్నని, "జెర్సీలు మీరే ఉతుకుతారా సార్?" అని పిల్లలడిగితే, "మాటలు తగ్గించి కాళ్లకి పని చెప్పండర్రా" అని విజిల్ ఊదేవాడు. ఔననలేదు, కాదనలేదు. అమ్మే ఉతుకుతుందని ఎందుకు చెప్పవని తను ఇంట్లో నిలదీస్తే, "మనమంతా ఒకటే కదమ్మా. నేనయితేనేం, మీ అమ్మయితేనేం?" అన్నాడు. అప్పుడది ఎంత గొప్ప మాటో అనిపించింది. అంతా ఒకటే అయినప్పుడు, ఆ ఒకటి ఎప్పుడూ నాన్నే ఎందుకవుతాడో అడగాలని తోచలేదు.

ఆయన రిటైరయినప్పుడు కోచ్ పని ఎవరికి అప్పగిద్దామని బడివాళ్లు ఆయన్నే అడిగారు. మైదానం గట్టున కూర్చుని పల్లీలు తినడం తప్ప ఏనాడూ పరిగెత్తని అన్నయ్య పేరు చెప్పాడు నాన్న. "నేను లేనా నాన్నా?" అంది తూనీగ. "నీకు ఇల్లుంది కదా తల్లీ" అన్నాడు తల నిమురుతూ. కసురుకుని ఉంటే పోట్లాడేది. తల నిమిరితే ఏం చేస్తుంది? పెళ్లితో అటకెక్కిన బూట్లు అక్కడే ఉండిపోయాయి. అన్నయ్య ఆ పని ఎలాగూ ఒప్పుకోలేదు.

ఫోన్ తీసి రెండు వీధులవతల ఉన్న అమ్మకి చేసింది.

"అమ్మా, నిన్న నువ్వెందుకు చప్పట్లు కొట్టావు?"

"బావుంది! అందరూ కొడుతుంటే నేనొక్కదాన్నీ చేతులు ముడుచుకుని కూర్చోనా?"

"నీకేం అనిపించలేదా?"

"చన్నీళ్లలో నానబెట్టవే. వేణ్ణీళ్లయితే అంకెలు లేచిపోతాయి." మళ్లీ తనే, "ఒకటడగనా అమ్మడూ? అవి వేసుకుని ఎలా పరిగెత్తేవాళ్లే మీరు?"

"అదేంటమ్మా? నువ్వెప్పుడూ చూడలేదూ?"

"పోటీ రోజున నాకు తీరికెక్కడిదే? అంతమందికి వండి పంపొద్దూ? నువ్వు గెలిచావన్నది కూడా మీ నాన్నొచ్చి చెబితేనే తెలిసేది. చాలా బాగా పరిగెత్తేదానివటగా?"

తన పరుగంటే అమ్మకి ఇన్నేళ్లూ ఆ 'అట' మాత్రమే. అమ్మతో "ఉంటాను" అని కూడా అనకుండా ఫోన్ పెట్టేసింది. కుళాయి కట్టేసి బకెట్ వంచేసింది. జెర్సీలు మళ్లీ సంచిలో కుక్కింది. స్టూలేసుకుని అటక మీంచి బూట్లు దింపి, బాల్కనీ గోడకి దబదబా కొట్టి దుమ్ము దులిపింది.

"ఎక్కడికి? మరి జెర్సీలు?" అన్నాడు భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

"గ్రౌండ్‌కి. ఎవరివి వాళ్లే ఉతుక్కుంటారు, అక్కడ కుళాయి ఉంది. ఆ కోచ్‌తో చెప్పొస్తాను. రిలే పిల్లల్ని ఇకనుంచి సాయంత్రాలు నాకొదిలెయ్యమని కూడా."

అప్పుడు తిరిగి చూశాడు. "మరి నేనిచ్చిన మాట?"

"మీ మాటేగా. మీ దగ్గరే ఉంచుకోండి."

బూట్లు బిగుసుకుపోయి వేళ్లు నొక్కుతున్నాయి. అయినా పరుగులాంటి నడకతో రెండు వీధులూ దాటింది. అమ్మ తలుపు తీసింది, చేతులు తడిగా ఉన్నాయి. సంచి చూసి ఆశ్చర్యపోయింది.

"అప్పుడే ఉతికేశావా?"

"లేదు. చెప్పులేసుకో. పిల్లలు పరిగెత్తే వేళయింది, చూద్దువుగాని. నేనూ పరిగెడతాను."

"ఇప్పుడా? పొయ్యి మీద పాలు..." అంటూ అమ్మ వంటింటి వైపు తిరగబోయింది.

తూనీగ లోపలికెళ్లి పొయ్యి ఆర్పేసి వచ్చింది. గుమ్మంలో నిలబడి చెయ్యి చాపింది.

"తల తిప్పకమ్మా" అంది. "చెయ్యి ఇటివ్వు."