ఒకటి కొడితే నెమ్మది, రెండు కొడితే ఆపు

పక్కింట్లో కుక్క ఉందని ఇల్లు చూపించేవాడు చెప్పడు. నీళ్ళు బాగా వస్తాయంటాడు, గాలి బాగా ఆడుతుందంటాడు. మనం సామాను దింపుకుని, బండి సందులో పెట్టుకున్నాక, కుక్కే వచ్చి తన సంగతి తాను చెప్పుకుంటుంది.

దాని పేరు దొర. రంగు ఫలానా అని చెప్పడానికి లేదు. కాస్త ఎరుపు, కాస్త బూడిద. ఒక చెవి నిలబడి ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. కార్ల జోలికి పోదు. సైకిళ్ళ జోలికి పోదు. నడిచే మనిషి ఎదురైతే పక్కకు జరిగి దారి కూడా ఇస్తుంది. మోటారు సైకిలు చప్పుడు చెవిన పడిందా, ఇక దానికి ఒళ్ళు తెలియదు. చక్రం పక్కనే పరిగెత్తుతూ, కాలి దగ్గర మూతి పెట్టి, పెద్ద రోడ్డు దాకా సాగనంపి వస్తుంది.

దాని యజమాని బస్సు కండక్టరుగా చేసి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. ఆలి లేదు, పిల్లలు లేరు, దొర ఉంది. సందు మలుపులో ఆయన గేటు. గేటుకు ఒక రెక్కే ఉంది, రెండోది ఊడి గోడకు ఆనుకుని తుప్పు పడుతోంది. మాది సందు చివరి ఇల్లు. వెనక అంతా గోడే. పెద్ద రోడ్డుకు పోవాలంటే సందు వాలుగా దిగి, ఆ ఒంటి రెక్క గేటు ముందు నుంచే పోవాలి.

"బాబాయ్, కుక్కను కట్టెయ్యి" అన్నాను మొదటి వారమే.

"ఎందుకయ్యా? కరిచిందా ఎవర్నన్నా?"

"కరిచేదాకా ఆగాలా?"

"మొరిగే కుక్క కరవదు. పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?"

"ఆ సామెత మీ దొరకు తెలుసా బాబాయ్?"

ఆయన పళ్ళు లేని నోటితో నవ్వాడు. "నా సర్వీసంతా బస్సు వెనక పరిగెత్తే జనాన్ని చూశాను. వాళ్ళన్నా ఎక్కడానికి పరిగెత్తేవాళ్ళు. మావాడికి ఎక్కాలని కూడా లేదు, ఉత్త పరుగే. పరిగెత్తనీ పాపం."

పాపమంతా దాని పక్షానే ఉంది. మా పక్షాన ఏముందో చెబుతాను.

మాది అద్దాల కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. చిన్నాచితకా ఫొటో ఫ్రేములు, అలమారా తలుపులు నేనొక్కణ్ణే చేసి ఇస్తాను. వాటితో ఉప్పూ పప్పూ కూడా రావు. కొట్టు నిలబడేది పెద్ద అద్దపు పలకల మీద. దుకాణాల ముందు భాగాలు, ఆసుపత్రి కిటికీలు. పెద్ద పలకను చేర్చాలంటే వ్యాన్లున్నవాళ్ళకు వ్యానుంది, నాకు మా ఆవిడ ఉంది. నేను బండి నడుపుతాను, ఆమె వెనక కూర్చుంటుంది, మా మధ్య పలక. అంచులకు పాత ట్యూబు ముక్కలు తొడిగి, కింద ఫుట్‌రెస్టుల మీద బిగించిన చెక్క మీద నిలబెట్టి, రెండు చేతులతో ఆమె పట్టుకుంటుంది. గాలికి పలక తెరచాపలా లాగుతుంది. వెనక నుంచి అరిచినా నాకు వినబడదు. అందుకని ఆమె ఉంగరంతో పలక మీద కొడుతుంది. ఒకటి కొడితే నెమ్మది. రెండు కొడితే ఆపు. ఆ చప్పుడు చెవికి కాదు, నా వీపుకు వినబడుతుంది.

ఈ సంగతి తెలిసి కండక్టరు ఒకటే నవ్వు. "మా బస్సులో ఒకటి కొడితే ఆపు, రెండు కొడితే పోనియ్. మొగుడూ పెళ్ళాలు అంతా తలకిందులు చేశారు కదయ్యా."

"మా బండికి టికెట్టు లేదు బాబాయ్, అందుకే" అంది మా ఆవిడ. ఆమెకు ఆయనంటే కోపం లేదు. కుక్కంటేనే భయం. చేతులు రెండూ పలక మీద ఉంటాయి. కాలి దగ్గర కుక్క మూతి. కాలు తీస్తే పలక ఒరుగుతుంది, తియ్యకపోతే కాలే పోతుందేమో. ఒకరోజు పలక దించేసి ఇంటికి వచ్చాక, చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చుంది.

"ఇదిగో, చెబుతున్నా విను. ఇంకోసారి అది వెంటపడితే నేను బండెక్కను. కొట్టు మూసుకుంటావో, కుక్కను మూస్తావో నీ ఇష్టం."

మా ఆవిడ బెదిరించే మనిషి కాదు. అన్నదంటే అన్నట్టే. ఆమె దిగిపోతే పెద్ద పలకలు పోతాయి, పెద్ద పలకలు పోతే కొట్టు పోతుంది. కాబట్టి నాకు కుక్కే పనైపోయింది.

తలా ఒక వైద్యం చెప్పారు. బిస్కెట్లు వెయ్యమన్నాడొకడు. వేశాను. తిన్నంతసేపూ తోక ఊపింది, తిన్నాక మూతి నాక్కుని వెంటపడింది. మొహాన నీళ్ళు కొట్టమన్నాడు ఇంకొకడు. కొడితే ఒళ్ళు దులుపుకుని ఆటనుకుంది. బండి ఆపేస్తే అదే ఆగిపోతుందన్నాడు పక్క వీధి వడ్రంగి. నిజమే, ఆగుతుంది. కానీ వాలులో పలకతో ఆగడమంటే రోట్లో తల పెట్టి రోకలిని బతిమాలుకోవడం. చివరికి పురపాలక ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"వీధి కుక్కా, ఇంటి కుక్కా?"

"ఇంటిదేనండి, వీధిలో ఉంటుంది."

"ఇంటిదైతే మాది కాదు. కరిస్తే రండి."

అందరికీ కరిస్తేనే పని. కరవకుండా బతుకు తినేస్తే ఎక్కడికి పోవాలో ఏ ఆఫీసు గోడ మీదా రాసి లేదు.

ఇంజను ఆపేసి వాలులో దిగితే దానికి వినబడదని నాకే తోచింది. న్యూట్రల్‌లో, బ్రేకు మీద కాలుంచి, దొంగల్లా దిగేవాళ్ళం. కుక్క లోపల పడుకుని ఉంటే సరే. గేట్లోనే కూర్చుని ఉంటే, మలుపు తిరిగేదాకా మాకు కనబడదు, తిరిగాక చెయ్యడానికి ఏమీ ఉండదు. మలుపు అవతల ఏముందో ఇంటి నుంచే కనబడితే చాలు.

కనబడనిది కనబడేలా చెయ్యడానికి అద్దాలవాడికి ఏం తడుతుంది? అద్దమే తడుతుంది.

మంగలి షాపు నుంచి విప్పి తెచ్చిన నిలువుటద్దం ఒకటి మూల పడి ఉంది. మచ్చలున్న భాగం కోసేసి, అంచులు సానబట్టి, తడవకుండా వెనక రంగు పూసి, గేటుకు ఎదురుగా టైలరమ్మ గోడకు బిగించాను. ఆమె కిటికీ పక్కనే మిషను వేసుకుని కుడుతూ ఉంటుంది.

"నా గోడకు అద్దమేంటి అన్నయ్యా, గోడకు పెళ్ళిచూపులా?" అంది.

"దొరకు చెల్లెమ్మా."

"ఆఁ, దానికే తక్కువ!"

మా గడప మీద నిలబడి చూస్తే గేటు మొత్తం కనబడింది. రెక్క లేని స్తంభం, దాని పక్కన నేల మీద దొర, దాని వాలిన చెవితో సహా. మా ఆవిడ నా భుజం మీద నుంచి తొంగి చూసి నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది. "చదువుకుని ఉంటే ఇంజనీరువయ్యేవాడివి" అంది. నేను బడి మానేసింది ఎక్కాలకు భయపడి. ఆ మాట ఆమెకు చెప్పలేదు, పొగడ్త పాడవుతుందని.

అప్పటి నుంచి పద్ధతిగా నడిచింది. అద్దంలో చూసేవాళ్ళం. దొర గేట్లో ఉంటే ఆగేవాళ్ళం. అది లేచి స్తంభం వెనక్కి, లోపలికి పోయాక, ఇంజను ఆపేసి దిగేవాళ్ళం. మొదట్లో అద్దంలో ఇంకో కుక్క ఉందనుకుని మొరిగింది. తర్వాత మొరగడం మానేసి, కూర్చుని చూడడం మొదలుపెట్టింది. చూసీ చూసీ, మేము పలక ఎత్తుకునే వేళకు లేచి లోపలికి పోయేది.

"మీ అద్దం వచ్చాక మావాడికి బుద్ధొచ్చిందయ్యా. తన మొహం తాను చూసుకుని సిగ్గుపడుతున్నట్టున్నాడు" అన్నాడు కండక్టరు.

ఆసుపత్రి ముందు తలుపు పలక చేర్చాల్సిన రోజున కూడా అలాగే చేశాం. చాలాకాలానికి వచ్చిన పెద్ద పని అది. ఆ పలక నచ్చితే కిటికీలన్నీ మాకే అన్నారు. పొద్దున్నే పలక తుడిచి, ట్యూబులు తొడిగి, బండి మీద నిలబెట్టాను. మా ఆవిడ ఎక్కి కూర్చుంది. అద్దంలో చూశాను. దొర లేచింది, ఒళ్ళు విరుచుకుంది, స్తంభం వెనక్కి పోయింది. గేటు ఖాళీ.

"పోయింది, పద" అన్నాను.

దిగాం. మలుపు తిరిగాం. స్తంభం వెనక నుంచి అది వచ్చింది. మొరగలేదు. మొరిగి ఉంటే నాకు తెలిసేది. నేరుగా ఆమె కాలి దగ్గరికి వచ్చింది. వీపు మీద రెండు పడ్డాయి. టక్, టక్. ఆపాను. వాలులో అలా ఆపకూడదు, కానీ రెండు కొడితే ఆపడమే కదా మా మధ్య ఉన్న మాట. బండి ఆగింది, పలక ఆగలేదు.

జారే అద్దాన్ని పట్టుకోకూడదు. మా పనిలో మొదటి పాఠం అదే. చేతులు వెనక్కి తీసుకో, పగలనీ, అద్దం ఇంకోటి వస్తుంది. పెళ్ళైన కొత్తలో ఆమెకు అది నేనే నేర్పాను. ఆమెకూ తెలుసు. కానీ అది ఆసుపత్రి పలక. పట్టుకుంది.

పగిలిన చప్పుడుకు కుక్క బెదిరి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, దూరంగా నిలబడి చూసింది. కరవలేదు. కరిచినా బాగుండేది, సూదులతో పోయేది.

టైలరమ్మ మిషను వదిలి పరిగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న గుడ్డనే మా ఆవిడ అరచేతికి చుట్టింది. చుడుతూనే అంది. "అన్నయ్యా, అది లోపలికి పోలేదు. అద్దంలో మీ బండిని చూసి లేచింది. స్తంభం చాటున నక్కి నిలబడింది. దాక్కోవడమని నాకేం తెలుసు, ఎండకు జరిగిందనుకున్నా."

మనకు అద్దంలో కుక్క కనబడితే, కుక్కకు అద్దంలో మనం కనబడతాం. పుట్టి బుద్ధెరిగి అద్దాలు కోస్తున్నవాడికి ఆ ముక్క తెలియలేదు. ఒక చెవి వాలిన కుక్కకు తెలిసింది. పలక చేర్చాల్సిన ఆసుపత్రికే మా ఆవిడను తీసుకెళ్ళాను. తలుపు దగ్గర ఇంకా అట్ట కట్టి ఉంది.

కుట్లు మానాయి. కుడి చేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ మడత పడవు. లోపల నరం తెగింది, అంతే అన్నాడు డాక్టరు.

కుట్లు వేసిన రోజే కండక్టరు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. కాసేపు ఏడ్చాడు. "నా తప్పేనమ్మా" అన్నాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "అయినా అద్దం పెట్టింది నువ్వే కదయ్యా" అన్నాడు. ఇంటికి పోయి గొలుసు కొన్నాడు. గేటు రెండో రెక్క కూడా బిగించాడు. చేతులు కాలింది మాకు, ఆకులు పట్టుకున్నది ఆయన.

ఆమె బదులు వడ్రంగి బావమరిదిని ఎక్కించుకుని చూశాను. మనిషి మంచివాడే. గతుకొచ్చినప్పుడల్లా "అన్నా, అన్నా" అని అరుస్తాడు, నాకు వినబడదు. రెండోసారి రానన్నాడు. ఆసుపత్రి కిటికీలు వ్యానున్నవాళ్ళు చేశారు. ఇప్పుడు ఫొటో ఫ్రేములు కడుతున్నాను. ఎక్కువగా పోయినవాళ్ళ ఫొటోలే.

మొన్న మధ్యాహ్నం మా ఆవిడ అంది, "ఒక్కసారి చూద్దాం. చిన్నదే పెట్టు."

"వద్దే."

"నీకేం పోయింది? చెయ్యి నాది."

బండిని గడప ముందు స్టాండు మీద నిలబెట్టాను. చిన్న పలకకు ట్యూబులు తొడిగి పెట్టాను. ఆమె ఎక్కి కూర్చుంది. నేను ముందు కూర్చుని హ్యాండిలు పట్టుకున్నాను. వీపుకు పలక చల్లగా తగిలింది. ఆమె కుడి చేత్తో పట్టుకోవడం, సర్దుకోవడం, మళ్ళీ పట్టుకోవడం, అన్నీ ఆ పలక గుండా నాకు తెలుస్తూనే ఉన్నాయి. కదలకుండా కూర్చున్నాను. అంచు ఒకవైపు కిందికి జారింది. ఎత్తింది. మళ్ళీ జారింది.

వీపు మీద టక్, టక్.

"ఇంకా తియ్యలేదే బండి" అన్నాను.

"తెలుసు" అంది.

వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి పలక అందుకున్నాను. కింద టైలరమ్మ గోడ మీద అద్దం తళుక్కుమంటోంది. దాన్ని విప్పాలని రోజూ అనుకుంటాను. అందులో గేటు కనబడుతోంది, రెండు రెక్కలూ వేసే ఉన్నాయి. వాటి సందుల్లోంచి గొలుసు ఒక్కటే కనబడుతోంది, స్తంభం వెనక్కి బిగుసుకుని. దొర మమ్మల్ని చూసింది. వస్తామనుకుని కాచుకుని ఉంది.