మా ఆయన మోకాళ్ళు

మా కాలబార్ ఊళ్ళో ఎక్పే అనే మగవాళ్ళ రహస్య సంఘం పెద్దలు ఎక్కడికి వచ్చినా జనం లేచి నిలబడతారు. నా ప్రదర్శనకు వాళ్ళు వచ్చినప్పుడు నేనూ నిలబడ్డాను.

హాలంతా ఇనుపచువ్వలు వంచి చేసిన రెండు వందల గుర్తులు వేలాడదీశాను. చూడటానికి మా పాత న్సిబిడి రాతలాగే ఉంటాయి. ఆ రాతలో కొన్ని గుర్తులు అందరివీ, కొన్ని సంఘంలో చేరిన మగవాళ్ళకే తెలియాలి. మా నాన్న ఎయో అందులో సభ్యుడే. ఒక్క గుర్తు కూడా నాకు చెప్పకుండానే పోయాడు. అందుకని ఇంట్లో కనబడినవన్నీ చూసి నేనే కల్పించాను: అరటికాయ తొక్కలు, చేపలు ఎండబెట్టే తడిక, ముడుచుకుని పడుకున్న మా ఆయన మోకాళ్ళు.

నాన్న స్నేహితుడు ఎసియెన్ సంఘానికి పెద్ద. చేతికర్ర ఆడిస్తూ గుర్తుల మధ్య తిరిగాడు. మొహం కందగడ్డయింది.

"వీటిల్లో కొన్ని మావి. మీ నాన్న నోరు జారాడన్నమాట!"

"నేనే కల్పించాను బాబాయ్. ఒట్టు."

"ఎవరికి చెబుతావే ఈ కబుర్లు! మేకా, తాటిసారా జరిమానా తెచ్చి పెట్టు. సంఘంలోంచి ఎయో పేరు రేపే కొట్టేయిస్తాను."

మేక పోతే పోయింది. జరిమానా ఇచ్చానంటే నాన్న రహస్యం బయటపెట్టాడని నేనే ఒప్పుకున్నట్టు. నోరులేని చచ్చినవాడి మీద నింద! ఒళ్ళు మండిపోయింది.

"సరే బాబాయ్. మీవేవో చూపించండి. ఇప్పుడే దించేస్తాను."

కర్ర పైకి లేచి, అక్కడే ఆగిపోయింది. చుట్టూ ఆడవాళ్ళు, పిల్లలు, ఫోన్లు పట్టుకున్న కాలేజీ వాళ్ళు. వేలు పెట్టి చూపిస్తే ఊరందరికీ తెలిసిపోతుంది.

"అయితే మొత్తం దించేయించు" అన్నాడు పక్కనున్న పెద్ద.

"దించితే ఇవన్నీ నిజంగా మనవేననుకుంటారు, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని ఇంకొకాయన కసిరాడు.

మూలకు పోయి చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి ఎసియెన్ గొంతు సవరించుకుని అందరికీ వినబడేలా ప్రకటించాడు.

"ఇందులో మావి ఒక్కటీ లేవు. అన్నీ పిల్లచేష్టలు. ఎయో నోరు జారే మనిషి కాదు."

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెద్దలు బయటికి నడిచారు. ఎసియెన్ మాత్రం గుమ్మం దగ్గర ఆగి నా చెవి దగ్గరికి వంగాడు.

"అమ్మాయ్, కిటికీ పక్కన మూడోది ఉందే, దాన్ని మాత్రం కాస్త తలకిందులుగా పెట్టవే."

తిరిగి చూశాను. మా ఆయన మోకాళ్ళు! మా నాన్న చచ్చేదాకా కడుపులో దాచుకున్నదాన్ని ఈయన గుమ్మం దాటకముందే నా చెవిలో పోశాడు.

"అలాగే బాబాయ్" అన్నాను. "మరి మేకను ఎప్పుడు తోలుకొస్తారు?"