తర్జోనో వేసిన బెజ్జాలు

కస్వాది పాతగుడ్డతో పదిహేడో బిళ్లను తుడిచి, రెండు చేతులతో ఎత్తి, గేజి మీదికి దించాడు. ఇనప దిమ్మ మీద వలయంగా నిలబెట్టిన ఎనిమిది ఉక్కు పిన్నులే ఆ గేజి. పంపు గొట్టాలను కలిపే ఈ బిళ్లకు ఎనిమిది బోల్టు బెజ్జాలు. ఎనిమిదీ ఒకేసారి పిన్నుల్లోకి దిగితే సరుకు మంచిది. ఒక్క బెజ్జం దారి తప్పినా బిళ్ల పైనే కూర్చుంటుంది. ఇది దిగింది. సుద్దముక్కతో ఒక గీత పెట్టి పక్కకు జరిపాడు.

తెగాల్ ఊళ్లోని ఆ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా అతని పని ఇదే. బరువులెత్తీ ఎత్తీ కుడిభుజం రెండు వేళ్లు కిందికి జారింది. చూపుడువేలి గోరు ఎప్పుడో నలిగి నల్లబడి అలాగే ఉండిపోయింది. మనిషి మాట పొదుపు. పెళ్లిళ్లలో అతన్ని ఫొటోకి పిలవడం మరిచిపోయేవారు. అతనూ గుర్తుచేసేవాడు కాదు.

ఈ అరవై బిళ్లలకూ బెజ్జాలు వేసినవాడు తర్జోనో. ఊపిరితిత్తులు చెడి మంచం పట్టే ముందు వేసిన ఆఖరి సరుకు. పొద్దున కస్వాది వాళ్లింటి ముందు సైకిలాపితే, ఎముకల గూడైపోయిన ఆ మనిషి ఒక్కటే అడిగాడు.

"నా బిళ్లలు లారీ ఎక్కాయా అన్నా?"

"ఇంకా లేదురా."

"ఎక్కగానే వచ్చి చెప్పు. నువ్వే చెప్పాలి. ఓనరు మాట నేను నమ్మను. నేను దగ్గితే సెలవు కోసం అనుకున్న మహానుభావుడు."

కస్వాది నవ్వాడు. తర్జోనోకి రోజులు దగ్గరపడ్డాయని ఇద్దరికీ తెలుసు. కొనే కంపెనీ మిషను నిన్న పధ్నాలుగు బిళ్లలను తప్పుపట్టిందన్న సంగతి మాత్రం కస్వాదికే తెలుసు. ఆ పధ్నాలుగూ తేలితే గాని లారీ కదలదు. అందుకే సరుకంతా మళ్లీ గేజి మీద దించి చూస్తున్నాడు.

తొమ్మిదింటికి కంపెనీ నుంచి హెస్తి అనే అమ్మాయి వచ్చింది. లేతాకుపచ్చ ముసుగు, చంకలో ల్యాప్‌టాప్, చేతిలో ఎర్రరంగు పెన్ను. పధ్నాలుగు బిళ్లలనూ వరసగా పేర్పించి, పెన్ను మూత తీసింది.

"ఏమనుకోకండి బాబాయ్‌గారూ. మిల్లీమీటరుని వంద చేస్తే, బెజ్జం అడ్డంగా పది వంతులు, నిలువుగా పది వంతులు దాటి జరగకూడదు. ఇది పన్నెండు జరిగింది చూడండి."

కస్వాది టీ మరకల డ్రాయింగు తెచ్చి పరిచాడు. నల్లటి గోటితో ఒక మూలనున్న గుర్తు చూపించాడు.

"ఈ సున్నా చూశావా తల్లీ? గుండ్రం అని దాని అర్థం. ఉండాల్సిన చోటు నుంచి ఎటు జరిగినా పధ్నాలుగు దాకా ఒప్పుకోమన్నారు. నువ్వు చదరం గీసుకుని కొలుస్తున్నావు. మూలకి పధ్నాలుగు జరిగితే నీ మిషను ఊరుకుంటుంది, పక్కకి పన్నెండు జరిగితే కేకలేస్తుంది. బోల్టుకి మూలేంటి, పక్కేంటి?"

లేత్ మిషను నడిపే సుతర పని ఆపాడు. "మూగనోము పట్టినాయనకి నోరొచ్చిందిరోయ్!"

హెస్తి ముఖం ఎర్రబడింది. కూర్చుని మళ్లీ లెక్కకట్టింది. పదమూడు బిళ్లలు మంచివేనని తేలింది. "తప్పు మాదే బాబాయ్‌గారూ" అని పెన్ను మూత పెట్టింది. కస్వాదికి ప్రాణం లేచొచ్చింది.

మిగిలింది నలభై ఒకటో బిళ్ల. దాని బెజ్జం ఒకటి పదిహేడు వంతులు జరిగింది.

"అదీ మంచిదే. నా గేజిలో దిగుతుంది" అంటూ కస్వాది దాన్ని ఎత్తి దించి చూపించాడు. సాఫీగా దిగింది.

హెస్తి మందం కొలిచే మైక్రోమీటరు తీసి పిన్నులను కొలిచింది. మరోసారి కొలిచింది. మైక్రోమీటరును అతని చేతిలో పెట్టింది. అతను స్వయంగా ఎనిమిదీ కొలుచుకున్నాడు. పిన్నులు వెంట్రుకవాసి అరిగి సన్నబడ్డాయి; దారి తప్పిన బెజ్జం కూడా వాటి మీద దిగిపోతుంది. ఇరవై రెండేళ్లుగా దిగిన ప్రతి బిళ్లా కాస్త కాస్త తినేసింది. కొలిచే గేజిని కూడా అప్పుడప్పుడు కొలవాలని ఆ వర్క్‌షాపులో ఎవరికీ తోచలేదు. అందరికన్నా ముందు తోచాల్సినవాడికీ తోచలేదు.

కస్వాదికి తల తీసేసినట్టయింది. తను గీత పెట్టి పంపినవాటిలో ఎన్ని మంచివి కావో, ఎక్కడ ఏ గొట్టం కారుతోందో ఎవరికి తెలుసు? తర్జోనోలాంటి పనివాడు ఈ జిల్లాలో లేడని అతను ఇన్నేళ్లు నమ్మింది ఆ పిన్నులను చూసే.

"ఒక్కటే కదా బాబాయ్‌గారూ, పక్కన పెట్టేద్దాం. మిగతావి మా మిషను కొలిచినవే" అంది హెస్తి జాలిగా. ఆ జాలికి అతను మరింత కుంగిపోయాడు.

పన్నెండింటికి యాభైతొమ్మిది బిళ్లలతో లారీ కదిలింది. కస్వాది అన్నం పొట్లం విప్పకుండానే సైకిలెక్కాడు. దారి పొడుగునా ఒకటే మథనం. యాభైతొమ్మిది అని చెప్పాలా, అన్నీ అని చెప్పాలా? అబద్ధమాడితే వాడు ముఖం చూసి పట్టేస్తాడు.

తర్జోనో ఇంటి సందులో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తున్నారు. మసీదు మైకులో తర్జోనో పేరు వినిపించింది. కస్వాది సైకిలు దిగి, నడిపించుకుంటూ వెళ్లాడు.

తర్జోనో భార్య కునితి గుమ్మంలో ఎదురైంది. "పదకొండు దాటాక పోయాడన్నయ్యా. అడుగుతూనే ఉన్నాడు. ఎక్కాయన్నాను. అన్నీనా అన్నాడు. అన్నీ అన్నాను. నీకేం తెలుసు, కస్వాది అన్న చెప్పాడా అన్నాడు. చెప్పాడన్నాను." ముసుగు అంచుతో కళ్లు ఒత్తుకుంది. "అబద్ధం చెప్పి పంపించానా?"

"లేదమ్మా" అన్నాడు కస్వాది. "ఎక్కాయి."

స్నానం చేయించారు, తెల్లగుడ్డ చుట్టారు, నమాజు చదివారు. పాడె ఎత్తే ముందు మసీదు పెద్దాయన అందరి సాగనంపుల్లో అడిగినట్టే జనం వైపు తిరిగి అడిగాడు.

"ఈ మనిషి మంచివాడేనా?"

"మంచివాడే" అన్నారందరూ. కస్వాదికి నోరు పెగల్లేదు. ఆ మాట అనే అర్హత పొద్దున్నే పోగొట్టుకున్నట్టుంది అతనికి.

"మంచివాడేనా?"

"మంచివాడే." అతని పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"మంచివాడేనా?"

"మంచివాడే!" ఈసారి అందరికన్నా ముందు కస్వాది గొంతే లేచింది, బొంగురుగా, కేకలాగా. ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. అతను ఏడుస్తున్నాడు. పాడె కొమ్మును దిగిపోయిన ఆ కుడిభుజానికే ఎత్తుకుని, సమాధి దాకా ఎవరికీ ఇవ్వలేదు.

సాయంత్రం సైకిలు కోసం ఆ ఇంటికి తిరిగొచ్చాడు. తర్జోనో మంచం అప్పటికే బయట ఎండబెట్టారు. కిటికీ గట్టు మీద, మందుసీసాల పక్కన, బెజ్జం వేసేముందు చుక్క పొడిచే అతని ఉక్కు పంచ్ ఉంది. సానపట్టీ సానపట్టీ బొటనవేలంత మిగిలిన దాని మొనకు ఎవరో కొత్తగా నూనె రాశారు.