హద్దు దాటిన మెట్టతామర

గాలయ్య పోయాక ఆయన ఇద్దరు భార్యలూ చిద్రి ఊళ్లోని ఆ ఒక్క ఇంటినే రెండు చేసుకున్నారు. తూర్పు గది పెద్దభార్య సిద్ధమ్మది, పడమటి గది చిన్నభార్య రాచమ్మది. వెనక దొడ్డి మధ్యన సిద్ధమ్మ ఎర్రరాళ్లు వరసగా పేర్పించింది. పెద్ద పోట్లాటేమీ జరగలేదు. మధ్యన ఉన్న మనిషి లేకపోయేసరికి ఒకరితో ఒకరికి మాట్లాడే పని లేకుండా పోయింది. పోనుపోను, ముందు ఎవరు నోరు విప్పాలన్నది పట్టింపైంది.

రాచమ్మ పొద్దున్నే బీదరుకు నడిచి వెళ్లి, ఒక సర్కారీ బంగళాలో ఊడ్చి, తుడిచి, అంట్లు తోమి పొద్దువాలాక వచ్చేది. ఒకసారి వానలకు ముందు అక్కడి తోటమాలి పీరప్ప మెట్టతామర దుబ్బులు తవ్వి, ఎక్కువైన దుంపలను గోడ పక్కన పారేస్తున్నాడు.

"ఇవి బతుకుతయా పీరప్పన్నా?"

"బతుకుడేంది, చంపుదమన్నా చావయి. మొలక మీదికుండేటట్టు పెట్టు. మోరీ నీళ్లు తాగి పెరుగుతయి. మన్ను మాత్రం జర గుల్లగ చెయ్యాలె."

రాచమ్మ దుంపలు ఇంటికి తెచ్చుకుంది గానీ, ఆ గుల్ల చేయడమే గగనమైంది. ఆ దొడ్డిలో పైన జానెడు మట్టి, కిందంతా ఎర్ర మొరం. గడ్డపార దిగేది కాదు, ఎగిరి వచ్చి చేతులు జివ్వుమనేవి. రాచమ్మ పని నుంచి వచ్చి కాస్తంత తవ్వి, నడుం పట్టుకొని కూలబడేది. చివరకు రాళ్ల వరస పక్కన ఇంటి వాడకం నీళ్లు మోరీలోంచి వచ్చి నిలిచేచోట గుంత చేసి, పెంటమన్ను నింపి దుంపలు పెట్టింది. ఇంత అలసటలో ఇదెందుకని తనను తానే ప్రశ్నించుకుంది.

వానలు పడగానే పొట్లంలా చుట్టుకున్న ఆకులు మన్ను చీల్చుకొని లేచాయి. దసరా నాటికి నడుమెత్తు దుబ్బులు, వాటి నెత్తిన ఎర్రటి పూలు. పువ్వు విచ్చిన మర్నాడే తడిగుడ్డలా వేలాడేది, దాని పక్కన ఇంకొకటి విచ్చేది. రాచమ్మ వాటిని చూసింది తక్కువ. వెలుతురుండగా ఆమె ఇంట్లో ఉన్నదే తక్కువ.

మెట్టతామర పెట్టినచోట ఊరికే ఉండదు, మన్నులోపల పక్కకు పాకుతుంది. మరుసటి ఏడు రాళ్ల కింద నుంచి సిద్ధమ్మ వైపు మొలకలు లేచాయి. సిద్ధమ్మ పార తెచ్చి నరికి, ముక్కలు తన పెంటకుప్ప మీద విసిరింది. అవి అక్కడా మొలిచాయి. అవీ నరికింది. పార చప్పుడు వినిపించినప్పుడల్లా రాచమ్మకు మొదట్లో గుండె కలుక్కుమనేది. తర్వాత అదీ పోయింది. కొట్టే ఆమె కొడుతోంది, మొలిచేవి మొలుస్తున్నాయి.

కరువు వెళ్లి మళ్లీ వానలు పడిన ఏడు, బంగళా గేటు మీది బోర్డులో మైసూరు చెరిపి కర్ణాటక అని రాశారు. ఆ చలికాలం పార చప్పుడు ఆగిపోయింది. సిద్ధమ్మ వైపు మొలకలు మోకాలెత్తు పెరిగాయి. ఆమె పొయ్యిలోంచి పొగ కూడా రాకపోయేసరికి రాచమ్మ రాళ్లు దాటి వెళ్లింది.

సిద్ధమ్మ చాప మీద ముడుచుకొని పడివుంది. ఒళ్లు కాలిపోతోంది.

"అక్కా."

ముందు నోరు విప్పింది రాచమ్మే. నీళ్లు తాగించింది. జొన్న అంబలి కాచి నోట్లో పోసింది.

"గింత బుఖార్ ఉంటే జర పిలువరాదా?"

"ఎవల్ని పిలువాలె?" అంది సిద్ధమ్మ.

రాచమ్మ పనికి పోవడం మానేసి ఆమె దగ్గరే ఉంది. జ్వరం కాస్త దిగాక సిద్ధమ్మ తెరిచిన తలుపులోంచి బయటకు చూసి, "ముందుగాల ఆ పూలు కొట్టెయ్‌పో" అంది.

"అవేం చేసినయక్కా నిన్ను?"

"ఎర్రగున్నయి. గసొంటి ఎర్ర చీరెలనే నువ్వు గీ ఇంటికి వచ్చినవు. నా కడుపు పండలేదని నేనే తిరిగి తిరిగి నిన్ను సూసి తెచ్చిన. వాకిట్ల హారతి పట్టింది నేనే."

"నన్ను మాత్రం ఎవలడిగిన్రు? గప్పుడు నాకేమెరుక?"

"ఎవలడగలే."

"నాకు గూడ పిల్లలు కాలే కదక్కా."

"కాలే. అంత ఊకెనే అయిపాయె."

రాచమ్మకు కోపం రావలసింది, ఏడుపన్నా రావలసింది. ఏదీ రాలేదు. గోడకు వీపు ఆనించి కూర్చుంది. సిద్ధమ్మ కళ్లు మూసుకుంది. పూలు కొట్టమని మళ్లీ అనలేదు.

ఆ తర్వాత కూడా వాళ్లు కలిసి వండుకోలేదు. పనిబడితే మాత్రం పిలుచుకునేవారు. ఒకరోజు రాచమ్మ దుబ్బులు తవ్వుతుంటే సిద్ధమ్మ కొడవలి పట్టుకొని వచ్చింది. దుబ్బులు కిక్కిరిసి పూలు చిన్నవయ్యాయి, విడదీయకపోతే లాభం లేదు. సిద్ధమ్మ కూర్చొని మన్ను దులిపి, కుళ్లినవి కోసి పారేసి, మంచివి ఒక పక్కకు పెట్టసాగింది.

"నీ దిక్కు ఎన్ని పెట్టాలెనక్కా?"

"రెండు సాలు. అంతకెక్కువ నీళ్లు మొయ్య నాతోని గాదు."

"మోరీ నీళ్లు మలుపుత తియ్యి."

"మలుపు. గిప్పుడు గాదు. జర కూసో, నీ మొఖం సూడు ఎట్లయిందో."

రాచమ్మ గడ్డపార కింద పడేసి ఆమె పక్కన కూర్చుంది. తవ్వవలసింది ఇంకా సగం ఉంది.